చిన్న చట్టములు - సమదండము

(పట్టణ పఠనమందిరమున ఆదివారము సాయంకాలపు సభయందు చేసిన ఉపన్యాసము)



ఈ పఠనమందిరమున ఉపన్యసింపవలసినదని మాకు పిలుపు వచ్చినపుడు, వీరు న్యాయవాదులు గదా, రాజ్యాంగమును గూర్చియో, పెద్ద న్యాయస్థానముల తీర్పులను గూర్చియో చెప్పుదురని మీరు తలచి యుందురు. మేము చెప్పదలచినది అంత గొప్ప విషయము కాదు. వీథిమొగను నిలుచు కానిస్టేబులును గూర్చియు, తలకు పెట్టుకొనవలసిన హెల్మెట్టును గూర్చియు, బండి పేర వచ్చు చలానును గూర్చియు, తోపుడుబండిని ఎత్తుకొనిపోవు పురపాలక సంఘపు లారీని గూర్చియు నేడు నాలుగు మాటలు విన్నవించెదము. ఇవి చిల్లర సంగతులని కొంద రనవచ్చును. మేము అట్లు తలంపము.

మన జనులలో పెక్కుమంది తమ జీవితకాలమున ఒక్కసారియైనను హైకోర్టు మెట్టు ఎక్కరు. శాసనసభలో ఏ బిల్లు ఏనాడు నెగ్గెనో వారికి తెలియదు. వారికి ప్రభుత్వమనగా ఆ వీథిమొగయే. అచ్చట తమకు జరిగిన న్యాయమే వారెరిగిన న్యాయము. అచ్చట జరిగిన అన్యాయమే వారెరిగిన అన్యాయము. చట్టము ముందర అందరును సమానులని మన రాజ్యాంగపు 14వ అధికరణము చెప్పుచున్నది. ఆ మాట పుస్తకమున నిజమే. వీథిలో అది నిజమగునో కాదో ప్రతిదినము తేల్చువారు సుప్రీముకోర్టు న్యాయమూర్తులు కారు, ఎండలో నిలుచున్న పోలీసులు. కాబట్టియే ఈ చిన్న చట్టములు మాకు చిన్నవిగా తోచవు.

ఇతరుల తప్పులెంచుటకు ముందు మా తప్పు చెప్పుకొనుట మర్యాద. కొన్ని నెలల క్రిందట ఒక ఉదయము కోర్టువేళ మించుచుండగా మేము తలకు ఏమియు లేకుండ స్కూటరుపై పోవుచుంటిమి. ఒక కూడలియందు పోలీసులు నాలుగైదు బండ్లను నిలిపి, ఫోనుతో ఫొటోలు తీయుచుండిరి. మమ్మును గూడ ఆపిరి. కాని మా స్కూటరు ముందుభాగమున న్యాయవాదుల గుర్తుగల చీటీ యొకటి అంటించియుండెను. మెడను తెల్లని పట్టీ యుండెను. కానిస్టేబులు వానిని చూచి, “మీరు వెళ్లండి సార్” అని చేయి ఊపెను. మా వెనుకనే ఒక ముసలివాడు మోపెడుపై వంకాయల గంప, మునగకాడల కట్ట పెట్టుకొని వచ్చెను. అతని తలకును హెల్మెట్టు లేదు. అతని బండికి ఫొటో తీసిరి. ఆ మనిషి ఏమియు అనలేదు. మా తలవైపు ఒకసారి చూచి, తన తలను చేతితో తడవుకొనెను. రెండు తలలును ఒక్క తీరుననే బోసిగా నుండెను.

మేము అప్పుడు బండి దిగి, “మాకును చలాను వ్రాయుడు” అనవలసినది. అనలేదు. కోర్టుకు ఆలస్యమగునని మనస్సునకు చెప్పుకొని సాగిపోతిమి. ఆ ముసలివాని చూపు మాత్రము మమ్ము వదలలేదు. నేటి ఈ ఉపన్యాసము ఆ చూపునకు ఆలస్యముగా చెప్పుచున్న సమాధానము.

చట్టమేమి చెప్పుచున్నదో మొదట చూతము. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 129వ సెక్షనుప్రకారము ద్విచక్రవాహనము నడుపువారును, వెనుక కూర్చుండువారును హెల్మెట్టు ధరింపవలెను. 2019వ సంవత్సరమున ఈ చట్టమును సవరించి, ఆ యేటి సెప్టెంబరు 1వ తేదీనుండి పెక్కు జరిమానాలను హెచ్చించిరి. హెల్మెట్టు లేనివారికి అంతకుముందు నూరు రూపాయలుండిన జరిమానా వేయి రూపాయలాయెను. దానిపై మూడు నెలలపాటు లైసెన్సునకు అనర్హత. లైసెన్సు లేక నడుపువారికి అయిదు వందలుండినది అయిదు వేలాయెను. త్రాగి నడుపువారికి మొదటి తప్పునకే పదివేల రూపాయల జరిమానాయో, ఆరు నెలలవరకు ఖైదో, రెండునో విధింపవచ్చును. జనులు గగ్గోలు పెట్టిరి. గుజరాతు మున్నగు కొన్ని రాష్ట్రములు తమకుగల రాజీ అధికారమును పురస్కరించుకొని ఆ నెలలోనే కొన్ని మొత్తములను తగ్గించినవి.

ఈ చట్టము ఊరక పుట్టినది కాదు. కేంద్రప్రభుత్వము ప్రకటించిన లెక్కలప్రకారము 2022వ సంవత్సరమున మన దేశపు రోడ్లపై ప్రమాదములలో మరణించినవారు 1,68,491 మంది. అందులో హెల్మెట్టు లేక చనిపోయినవారు 50,029 మంది. వారిలో వెనుక కూర్చున్నవారే 14,337 మంది. యుద్ధము లేదు, తుపాను లేదు, మశూచి లేదు. ఒక్క యేడాదిలో ఒక చిన్న పట్టణమంత జనము బోసితలలతో రోడ్డుపై రాలిపోయినది. కావున హెల్మెట్టు చట్టము కఠినముగా అమలు జరుగవలెననుటలో మాకు సందేహము లేదు. కాని కఠినమనగా నేమి? ఈ ప్రశ్నయందే మనము తరచు దారి తప్పుచున్నాము.

కొందరు కాఠిన్యమును రూపాయలలో కొలుతురు. వేయి చాలకున్న రెండువేలు, రెండువేలు చాలకున్న అయిదువేలు విధింపుడందురు. మరికొందరు బీదవారి పేరు చెప్పి, చూచి చూడనట్లు విడిచిపెట్టుటయే దయ యందురు. ఈ రెండు పక్షములవారును ఒక్క తప్పే చేయుచున్నారని మా మనవి. దండము ఎంత పెద్దదో వీరు చూచుచున్నారు గాని, అది అందరికిని, అన్నివేళలను, ఒక్క తీరున పడుచున్నదా లేదా యని చూచుటలేదు.

నూరుమంది తప్పు చేయగా తొంబదితొమ్మిదిమంది దాటిపోయి, ఒక్కనికి వేయి రూపాయలు పడినచో, ఆ ఒక్కడు “నేను తప్పు చేసితిని” అనుకొనడు. “ఇవ్వాళ లేచిన వేళ మంచిది కాదు” అనుకొనును. అతని దృష్టిలో అది చట్టము కాదు, లాటరీ. అదే నూరుమందికిని, వారు ఎవరైనను, ఎవరి చుట్టములైనను, నూరేసి రూపాయలు తప్పక పడినచో, నెల తిరుగకముందే హెల్మెట్టు కొనని యిల్లుండదు. శిక్షయొక్క పెద్దతనముకంటె అది తప్పక వచ్చుననునదే మనుష్యుని తప్పునుండి మరలించునని ఇటలీ దేశీయుడగు బెకారియా 1764వ సంవత్సరముననే ఒక గ్రంథము వ్రాసి వాదించెను. మన కౌటిల్యుడును అర్థశాస్త్రమున దండమును గూర్చి చెప్పుచు, తీక్ష్ణదండము ప్రజలను బెదరగొట్టుననియు, మృదుదండము చులకనయగుననియు, తగిన దండమే గౌరవింపబడుననియు నిర్ణయించెను. కాఠిన్యముయొక్క ప్రాణము మొత్తమునందు లేదు, తప్పనితనమునందున్నది.

ఇక్కడ పొరుగు రాష్ట్రపు ఉదాహరణ మొకటి చెప్పవలెను. 2022వ సంవత్సరము మార్చి నెలలో తెలంగాణమున బకాయిపడిన చలానులపై రాయితీ ప్రకటించిరి. ద్విచక్ర, త్రిచక్ర వాహనములవారు నూటికి ఇరువదియైదు రూపాయలు కట్టిన చాలును; కార్లవారు సగము కట్టిన చాలును. మిగిలినది మాఫీ. జనులు సంతోషించిరి, ఖజానాకు సొమ్ము చేరెను. అటుపిమ్మట ప్రభుత్వము మారెను. 2023వ సంవత్సరము డిసెంబరు చివర కొత్త ప్రభుత్వమును అట్లే ప్రకటించెను. ఈసారి ద్విచక్రవాహనములవారికి నూటికి ఇరువదియే, కార్లవారికి నలుబది, తోపుడుబండ్లవారికిని ఆర్టీసీ బస్సులకును పది. గడువు పొడిగింపబడెను గూడ. పక్షములు వేరు, పద్ధతి ఒక్కటి.

ఇందులో అన్యాయమేమున్నదని మీరడుగవచ్చును. ఒకే వీథిలో ఇరుగుపొరుగున నున్న ఇద్దరు గృహస్థులను ఊహింపుడు. ఇద్దరికిని ఒకే దినమున వేయేసి రూపాయల చలానులు వచ్చినవి. మొదటివాడు జీతము రాగానే, ఇంటి ఖర్చు ఒకటి తగ్గించుకొని, వేయి రూపాయలును కట్టివేసెను. రెండవవాడు ఆ కాగితమును చూచి నవ్వి ఊరకుండెను. రాయితీ వచ్చినది. రెండవవాడు రెండువందలు కట్టి చేతులు దులుపుకొనెను. తప్పు ఇద్దరిదియు సమానమే. మొదటివాడు అదనముగా కట్టిన ఎనిమిదివందల రూపాయలు ఏ తప్పునకు జరిమానా? చట్టమును నమ్మిన తప్పునకు! మరల చలాను వచ్చినపుడు అతడేమి చేయును? పొరుగువానివలెనే ఊరకుండును, అతని భార్య ఊరకుండుమనును. మొదటిసారి రాయితీ ఇచ్చినపుడు బకాయి వసూలగును. రెండవసారి ఇచ్చినపుడు బకాయిపడుట జనులకు అలవాటగును. దయవలె కనబడు ఈ పద్ధతి చట్టమునకు లోబడినవాని జేబునుండి తీసి, లోబడనివాని జేబులో వేయుచున్నది.

అట్లయిన బీదవాడేమి కావలెను? ఆటో త్రోలుకొని బ్రతుకువానికి ఏడెనిమిది చలానులు పేరుకొనిన, అతడు వాటిని ఎట్లు కట్టును? ఇది న్యాయమైన ప్రశ్న. దీనికి జవాబు మూడేండ్లు విడిచిపెట్టి ఒకనాడు మాఫీచేయుట కాదు. మొదటి తప్పునకు హెచ్చరిక, రెండవ తప్పునకు కట్టగల చిన్న జరిమానా, కట్టలేనివానికి వాయిదాలు, తప్పుడు చలాను వచ్చినవానికి పిలిచి వినిపించుకొను అధికారి - ఇవి యుండవలెను. మా వృత్తిలో మేము చూచునది చెప్పుచున్నాము. బండి అమ్మివేసి పేరు మార్పించుకొననివానికి కొన్నవాని తప్పులు వచ్చును. ఎవడో దొంగ నంబరు వేసుకొని తిరిగిన, అసలు బండివానికి ఎన్నడు చూడని ఊరినుండి చలాను వచ్చును. అట్టివాడు నాలుగు కార్యాలయములు తిరిగి, నాలుగు దినముల కూలి పోగొట్టుకొని, కడకు చేయని తప్పునకే సొమ్ము కట్టి ఇంటికి పోవును. ఆ సొమ్ము చిన్నదే; ఆ మనిషికి ప్రభుత్వముపై కలిగిన విరక్తి చిన్నది కాదు.

కెమెరాలద్వారా చలానులు వేయుటకును నిబంధనలు లేకపోలేదు. 2021వ సంవత్సరము ఆగస్టులో కేంద్రము చేసిన నిబంధనప్రకారము, కెమెరా నిఘా యున్నచోట ఆ సంగతి జనులకు తెలియునట్లు హెచ్చరిక పలకలు పెట్టవలెను. తప్పు జరిగిన పదునైదు దినములలో నోటీసు పంపవలెను. ఈ రెండును ఎందుకు పెట్టిరి? చట్టము మాటు వేయకూడదు, ముందుగా చెప్పి నిలువవలెననియే. తప్పు చేసిన వారమునకు నోటీసు వచ్చిన మనుష్యుడు దిద్దుకొనును. ఏడాదికి పది చలానులు ఒక్కసారిగా బయటపడిన, అతడు దిద్దుకొనుటకు అవకాశమెక్కడ? అది శిక్షణ కాదు, బాకీ వసూలు.

ఇక సమత్వముయొక్క రెండవ ముఖము చూతము. 2019వ సంవత్సరపు సవరణయందు అంతగా ఎవరును చదువని సెక్షనొకటి కలదు. అది 210-బి. ఈ చట్టమును అమలు జరుపు అధికారముగలవారే ఈ చట్టమును ఉల్లంఘించినచో, ఆ తప్పునకుగల జరిమానాకు రెట్టింపు చెల్లింపవలెనని దాని తాత్పర్యము. హెల్మెట్టు లేని మాకు వేయి రూపాయలైన, హెల్మెట్టు లేని పోలీసునకు రెండు వేలు. ఎంత ధర్మమైన మాట! ఇది క్రొత్త మాట యనుకొనకుడు. సామాన్యునికి ఒక కార్షాపణము జరిమానా పడుచోట రాజునకు వేయి పడవలెనని మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయమున విధించినది. దండింపదగనివానిని రాజు దండించినచో, ఆ రాజునకే ముప్పదిరెట్లు దండమని కౌటిల్యుడు వ్రాసెను.

కాని ఒక మాట దాచక చెప్పవలెను. రాజునకు వేయిరెట్లని చెప్పిన ఆ స్మృతియే, ఒకే నేరమునకు పుట్టుకనుబట్టి వేరువేరు దండములు గూడ విధించినది. పూర్వులు చెప్పిన మంచిని గ్రహించి గర్వపడు మనము, వారు చేసిన ఆ అన్యాయమును కప్పిపుచ్చరాదు. ఆ భేదమును తుడిచివేసినది మన రాజ్యాంగము. కాని తుడిచివేసినచోటనే క్రొత్త వర్ణములు పుట్టుచున్నవి. ముందు అద్దమున పార్టీ జెండాగల కారొక వర్ణము. “ప్రభుత్వము”, “ప్రెస్సు”, “పోలీసు” అని వ్రాసికొన్న బండ్లు మరికొన్ని వర్ణములు. మా న్యాయవాదుల చీటీయు ఒక వర్ణమే. ఏ గుర్తును లేని వంకాయల గంప అన్నిటికిని క్రిందిది. పాత స్మృతిలో లేని ఈ వర్ణవ్యవస్థను మనమే, చదువుకొన్నవారమే, అంటుబంకతో నిర్మించుకొంటిమి.

రెట్టింపు జరిమానా సెక్షను అమలు జరుగుట మా వృత్తిలో మేము చూడలేదు. అట్లే 198-ఎ యను మరియొక సెక్షను కలదు. రోడ్డును ప్రమాణములప్రకారము నిర్మింపక, కాపాడక, ఆ కారణమున మరణముగాని అంగవైకల్యముగాని సంభవించిన, బాధ్యుడగు అధికారికి, కంట్రాక్టరుకు లక్షరూపాయలవరకు జరిమానా విధింపవచ్చును. గుంతలో బండి పడి మనిషి పోయినపుడు అతని తలకు హెల్మెట్టు ఉండెనా యని అడుగువారు పెక్కుమంది. ఆ గుంత ఎవరిదని అడుగువారు అరుదు. రెండు ప్రశ్నలును చట్టములోనివే. క్రిందివానిని ఒకటి అడిగి, మీదివానిని రెండవది అడుగకుండుట కాఠిన్యము కాదు, పక్షపాతము.

ఆ కూరగాయల మనిషివంటివారికి సంబంధించిన చట్టము మరియొకటి కలదు. అది 2014వ సంవత్సరపు వీథి వర్తకుల చట్టము. వారి జీవనోపాధిని రక్షించుటయే దాని పేరులోని మొదటి మాట. ఊరిలోని వీథి వర్తకుల సర్వే పూర్తియై అందరికిని ధ్రువపత్రము లిచ్చువరకు ఎవరిని గాని తొలగింపరాదు. తొలగింపవలసి వచ్చిన ముప్పదిదినముల నోటీసు ఈయవలెను. సరకు స్వాధీనము చేసికొన్నచో జాబితా వ్రాసి ఈయవలెను. వర్తకుడు వచ్చి అడిగినచో చెడిపోవు సరకును ఆ దినమే, చెడిపోని సరకును రెండు పనిదినములలోగా తిరిగి ఈయవలెను. ఇది దయగల చట్టము. దీని అమలెట్లున్నది? తెల్లవారుజామున లారీ వచ్చును. తక్కెడ ఒక మూలకు, తట్ట ఒక మూలకు పోవును. టమాటాలు రోడ్డుపై దొరలును. జాబితా వ్రాసి యిచ్చిన అధికారిని చూపుడని మేము అడిగిన పలుమార్లు జవాబు దొరకలేదు.

అదే వీథిలో నాలుగంతస్తుల దుకాణము కలదనుకొనుడు. దాని నేలమాళిగ బండ్లు నిలుపుటకని ప్లానులో చూపి, సరకుల గిడ్డంగిగా మార్చియుందురు. కొనవచ్చినవారి బండ్లన్నియు రోడ్డుపైననే నిలుచును. రోడ్డును ఎక్కువగా ఆక్రమించినది ఏది, నాలుగడుగుల తోపుడుబండియా, నాలుగంతస్తుల మేడయా? కాని లారీలో తోపుడుబండి పట్టును, మేడ పట్టదు. మన ఊళ్లలో చట్టము ఎత్తగలిగినదానిని ఎత్తుకొని పోవుచున్నది. ఎత్తలేనిదానికి నోటీసు పంపుచున్నది. కఠినమైన మోటారు చట్టము పెద్దవారిపట్ల మెత్తగా అమలగుచున్నది; మెత్తని వీథి వర్తకుల చట్టము బీదవారిపట్ల కఠినముగా అమలగుచున్నది. చట్టము గుణము కాగితమునందు గాక, అమలుచేయు చేతియందున్నదని దీనివలన తెలియుచున్నది.

దయకు తావే లేదాయని కొందరు అడుగుదురు. ఉన్నది. పురిటినొప్పులతోనున్న ఆడబిడ్డను వెనుక కూర్చుండబెట్టుకొని ఆసుపత్రికి పరుగెత్తువానిని నిలిపి హెల్మెట్టు ఏదని అడుగు పోలీసును మేము మెచ్చుకొనము. తలపాగా ధరించిన సిక్కులకు హెల్మెట్టునుండి చట్టమే మినహాయింపు ఇచ్చినది. అది అందరికి తెలియునట్లు వ్రాసి ఇచ్చిన మినహాయింపు. దయకును పక్షపాతమునకును భేదము కనుగొనుటకు ఒక్క ప్రశ్న చాలును. ఇదే స్థితిలో ఊరుపేరు తెలియనివాడు వచ్చిన, అతనిని గూడ విడిచిపెట్టుదురా? విడిచిపెట్టుదురేని అది దయ. లేనియెడల అది పలుకుబడి. నాడు మమ్ము విడిచిపెట్టుట దయ కాదు. మాకు ఆపద లేదు, పట్టీ మాత్రమున్నది.

సోదరులారా, మనలో మరియొక భ్రమ కలదు. చట్టమును తప్పించుకొనుట చాకచక్యమనియు, కొంత వీరత్వమనియు తలచువారున్నారు. పరప్రభుత్వపు కాలమున చట్టమును ఎదిరించుట దేశభక్తిగా నుండెను గదా యందురు. ఆ చరిత్రను సరిగా చదువుడు. 1921వ సంవత్సరమున పల్నాటి రైతులు పుల్లరి కట్టమని, అడవిలో పశువులు మేపుట తమ హక్కని బహిరంగముగా చెప్పిరి. వారి నాయకుడు కన్నెగంటి హనుమంతు 1922లో తుపాకిగుండ్లకు బలియయ్యెను. ఆ యేడే మార్చి 18వ తేదీన అహమదాబాదు న్యాయస్థానమున మహాత్మాగాంధి తన నేరమును తానే ఒప్పుకొని, ఆ చట్టముప్రకారము అత్యధిక శిక్ష విధింపుమని న్యాయమూర్తిని అడిగెను. ఆరేండ్ల శిక్షను శిరసావహించెను. వారు చట్టమును ధిక్కరించిరి గాని, తప్పించుకొనలేదు. ధిక్కరించువాడు పగటివేళ నలుగురిలో నిలిచి, శిక్షకు తల యొగ్గును. తప్పించుకొనువాడు ప్రక్కసందులోనుండి బండి మళ్లించును; లేదా తెలిసిన అధికారికి ఫోను చేయును. మొదటివాడు సత్యాగ్రహి. రెండవవానికి ఆ పేరు పెట్టి పెద్దలను అవమానింపకుడు.

ఇక చేయవలసినదేమి? ప్రభుత్వమును మేము కోరునవి నాలుగు. బకాయిదారులకు ఏటేట రాయితీల పండుగ చేయుట మానవలెను. జరిమానా భారమని తోచిన, చట్టప్రకారము అందరికిని తగ్గింపవలెను. చలాను పడిన పదునైదు దినములలో నోటీసు చేరవలెను. అభ్యంతరము చెప్పుకొనుటకు ప్రతి పట్టణమున ఒక దినము, ఒక గది, ఒక అధికారి ఉండవలెను. పోలీసుల బండ్లకు, ప్రభుత్వ వాహనములకు ఎన్ని చలానులు పడినవో, రెట్టింపు ఎంత వసూలైనదో నెలనెల ప్రకటింపవలెను. తోపుడుబండిని తొలగించు లారీతోకూడ, జాబితా వ్రాయు గుమాస్తాయు రావలెను.

ఇవి ప్రభుత్వము తనంతట చేయునని మేము నమ్మి కూర్చుండలేదు. 2005వ సంవత్సరపు సమాచార హక్కు చట్టము మన చేతిలోనున్నది. పదిరూపాయల రుసుముతో, ముప్పది దినములలో జవాబు తెప్పించుకొనవచ్చును. మన ఊరిలో గత సంవత్సరము 210-బి సెక్షనుక్రింద ఎందరికి రెట్టింపు జరిమానా పడినది? వీథి వర్తకులనుండి పట్టిన సరకుల జాబితాలు ఎక్కడ? దుకాణముల నేలమాళిగలను ఎన్నింటిని తనిఖీ చేసిరి? ఈ మూడు ప్రశ్నలు వ్రాసి తెచ్చితిమి. ఈ మందిరపు స్వచ్ఛందసేవకులలో ముగ్గురు తమ పేరులతో దరఖాస్తులు పెట్టుదురని మా ఆశ. వచ్చిన జవాబులను ఇచ్చటి పత్రికల బల్లమీదనే అందరు చదువునట్లు పెట్టుదము. జవాబు రాకున్న, రాలేదను మాటనే అక్కడ అంటించుదము.

కాని ప్రభుత్వమును అడుగుటకు ముందు మన గడప మనము ఊడ్చుకొనవలెను. పోలీసుస్టేషనుకు ఫోను చేసి “మావాడే, కొంచెము చూడండి” అని మీలో ఎందరు అనలేదు? ఆ ఒక్క మాటతో మనము విడిపించినది మనవానిని మాత్రమే. బంధించినది ఫోను చేయుటకు ఎవరును లేనివారినందరిని. ఆ రోజున పోలీసు తన లెక్క పూర్తిచేయుటకు మనవాని బదులు మరియొకనిని ఆపును. ఆ మరియొకనిని మీరు ఎరుగరు. కాని అతడు ఎల్లప్పుడును బీదవాడే.

మా మట్టుకు మేము ఆ చీటీని మరునాటి ఉదయము గోటితో గీకి తీసివేసితిమి. చీటీ పోయినది గాని, బంక మరక ఇంకను స్కూటరుపై నున్నది. అది ఉండుటయే మంచిదని తుడువక విడిచితిమి. హెల్మెట్టు కొంటిమి. అదే త్రోవలో ప్రతిదినము పోవుచున్నాము. ఆ కూరగాయల మనిషి మరల మాకు కనబడలేదు. కనబడిన ఏమి చెప్పవలెనో ఇప్పటికిని మాకు తోచలేదు. ఒక్కటి మాత్రము నిశ్చయించుకొంటిమి. ఏనాడైన మరల తప్పుచేసి ఆ కూడలియందు చిక్కిన, “మీరు వెళ్లండి సార్” అను మాట విని ముందునకు సాగము. వరుసలో నిలుచుందుము. మీరును అట్లే నిలుచుందురని కోరుచున్నాము.